ఎడ్మంటన్ ఎల్క్స్: కోచ్‌లు మారినా ఓటములు ఎందుకు మారలేదు?

క్లుప్తంగా: కెనడియన్ ఫుట్‌బాల్ లీగ్ (సీఎఫ్ఎల్)లో ఒకప్పుడు తిరుగులేని జట్టుగా వెలిగిన ఎడ్మంటన్, 2021 నుంచి 2025 దాకా అయిదు సీజన్లు వరసగా ప్లేఆఫ్స్‌కు చేరలేదు. సొంత మైదానంలో వరసగా 22 మ్యాచ్‌లు ఓడి ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ క్రీడల్లోనే చెత్త రికార్డు మూటగట్టుకుంది. అభిమానుల కోపం ప్రధానంగా కోచ్ మీద, బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడైన క్వార్టర్‌బ్యాక్ మీద పడింది. ఆ కోపంలో న్యాయం ఉంది. అయితే జట్టును కుంగదీసింది ఒక్క కోచ్ తప్పులు కావు. ఓడినప్పుడల్లా కోచ్, మేనేజర్, క్వార్టర్‌బ్యాక్ అందర్నీ ఒక్కసారే ఊడ్చేసి మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టడం అంతకంటే పెద్ద దెబ్బ. లీగ్ నిబంధనలు ఆ దెబ్బను మరింత గట్టిగా తగిలేలా చేశాయి.

ఎక్కడ ఉండాల్సిన జట్టు?

కెనడాలో ఫుట్‌బాల్ అంటే మనం చూసే సాకర్ కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌కు దగ్గరి చుట్టం లాంటి ఆట. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు, ఎదుటివాణ్ని కింద పడేస్తారు. లీగ్‌లో ఉన్నవి తొమ్మిది జట్లే. ఒక్కో జట్టు 18 మ్యాచ్‌లు ఆడుతుంది. తొమ్మిదింటిలో ఆరు ప్లేఆఫ్స్‌కు వెళతాయి. చివరికి గెలిచిన జట్టుకు గ్రే కప్.

తొమ్మిదింటిలో ఆరింటికి చోటు ఉన్నప్పుడు ప్లేఆఫ్స్‌కు వెళ్లకపోవడమే కష్టమైన పని. అలాంటిది వరసగా అయిదేళ్లు వెళ్లలేదంటే అదృష్టం మీదకు నెట్టేసి ఊరుకోవడానికి లేదు.

పైగా ఇది గెలుపు తెలియని ఊరు కాదు. ఆల్బెర్టా రాష్ట్ర రాజధాని ఎడ్మంటన్‌లో ఈ జట్టు 1949లో మొదలైంది. మొత్తం 14 గ్రే కప్‌లు గెలిచింది. హ్యూ క్యాంప్‌బెల్ కోచ్‌గా ఉన్న కాలంలో, 1978 నుంచి 1982 వరకు వరసగా అయిదుసార్లు కప్ ఎడ్మంటన్‌కే వచ్చింది. 1972 నుంచి 2005 వరకు 34 సీజన్లలో ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ తప్పలేదు. అంటే తండ్రి చిన్నప్పటి నుంచి కొడుకు పెద్దయ్యేదాకా ఆ ఇంట్లో నవంబరు వస్తే ప్లేఆఫ్స్ మ్యాచ్ ఉండి తీరాల్సిందే. ఆ అలవాటు ఉన్నవాళ్లకు 2021 తర్వాత చూసింది మామూలు ఓటమిలా అనిపించలేదు.

2021లో జట్టు 3 గెలిచి 11 ఓడింది. కరోనా వల్ల ఆ ఏడాది సీజన్‌ను 14 మ్యాచ్‌లకు కుదించారు. 2022లో 4 గెలుపులు, 14 ఓటములు. 2023లో మళ్లీ అదే లెక్క. 2024, 2025 రెండింటిలోనూ 7 గెలుపులు, 11 ఓటములు. సొంత మైదానం సంగతి మరీ దారుణం. 2019 అక్టోబరులో బీసీ లయన్స్ మీద గెలిచాక, మళ్లీ సొంతగడ్డ మీద గెలవడానికి 2023 ఆగస్టు 27 దాకా పట్టింది. 2021లో ఇంట ఆడిన ఏడూ పోయాయి, 2022లో తొమ్మిదికి తొమ్మిదీ పోయాయి. 1953 నాటి బేస్‌బాల్ జట్టు సెయింట్ లూయిస్ బ్రౌన్స్ పేరిట ఉన్న 20 ఓటముల రికార్డును 2023 జులైలో ఎల్క్స్ దాటేసింది. దాటిన ఆ మ్యాచ్‌లో స్కోరు 27–0. సొంత ప్రేక్షకుల ముందు ఒక్క పాయింటు కూడా రాలేదు.

మూడు అవకాశాల ఆట

అభిమానులు గ్యాలరీలోంచి చూసి విసుక్కునే దృశ్యం దాదాపు ఎప్పుడూ ఒకటే. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఒక నిబంధన తెలియాలి. అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు ఇస్తారు. కెనడాలో మూడే. వాటిని డౌన్లు అంటారు. రెండు ప్రయత్నాల్లో పది గజాలు రాకపోతే మూడోదాన్ని రిస్క్ చేయకుండా బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకు అప్పగించడమే మామూలు. దీనికి అక్కడి వాడుక మాట ‘టూ అండ్ అవుట్’.

మొదటి డౌన్‌లో పరుగు రెండు గజాలకే ఆగిపోయిందనుకుందాం. రెండో డౌన్‌లో ఎనిమిది గజాలు కావాలి. ఎదుటివాళ్లకు బంతి విసురుతారని ముందే తెలుసు కాబట్టి క్వార్టర్‌బ్యాక్ మీదకు దూసుకొస్తారు. బంతి అందదు. అంతే, ఒక నిమిషంలో దాడి ముగిసింది. ఇప్పుడు ఇంకా ఊపిరి తీసుకోని డిఫెన్స్ ఆటగాళ్లు మళ్లీ మైదానంలోకి రావాలి. ఇలా నాలుగైదుసార్లు జరిగితే నాలుగో క్వార్టర్‌కు డిఫెన్స్ కాళ్లు ఆడవు. చివర్లో ఆధిక్యం చేజారడానికి ‘గుండె ధైర్యం లేదు’ అని అభిమాని అంటాడు. నిజానికి చాలాసార్లు అక్కడ లేనిది ధైర్యం కాదు, ఓపిక. దాన్ని తినేసింది మొదటి సగంలో తమ జట్టు దాడి చేసిన టూ అండ్ అవుట్‌లు.

ఇందుకే ఈ లీగ్‌లో క్వార్టర్‌బ్యాక్ పొరపాటుకు, ప్రతి బంతికీ ఏ ఎత్తుగడ వేయాలో చెప్పే కోచ్ పొరపాటుకు రెట్టింపు ధర పడుతుంది. కోపం ఆ ఇద్దరి మీదే పడటం సహజం.

ఆరుగురు కోచ్‌లు, ఏడు సీజన్లు

కథ 2021లో మొదలైందని చాలామంది అనుకుంటారు. అసలు మలుపు 2019 నవంబరులో ఉంది. అప్పటికి నాలుగేళ్లుగా హెడ్ కోచ్‌గా ఉన్న జేసన్ మాస్‌ను జట్టు తీసేసింది. ఆయన లెక్క 39 గెలుపులు, 33 ఓటములు. నాలుగేళ్లలో మూడుసార్లు ప్లేఆఫ్స్. గొప్ప రికార్డేమీ కాదు, అలాగని చెత్తా కాదు. సైడ్‌లైన్ దగ్గర ఆయన కేకలు, కోపం అభిమానులకు నచ్చేవి కావు. వెళ్లిపోయినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు పెద్దగా ఉండి ఉండరు. ఆ మాసే 2023లో మాంట్రియల్ అలోయెట్స్ హెడ్ కోచ్‌గా మొదటి ఏడాదే గ్రే కప్ గెలిచాడు. ఎడ్మంటన్ సొంతింట రికార్డు ఓటములు మూటగట్టుకున్న ఏడాది కూడా అదే.

మాస్ స్థానంలో స్కాట్ మిలనోవిచ్ వచ్చాడు. కరోనాతో 2020 సీజన్ మొత్తం రద్దయింది. ఒక్క మ్యాచ్‌కు కూడా కోచింగ్ ఇవ్వకుండానే ఆయన 2021 జనవరిలో ఎన్ఎఫ్ఎల్‌లోని ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కు వెళ్లిపోయాడు. ఆ ఖాళీలోకి హెయిమీ ఎలిజాండో వచ్చాడు. జట్టు పాత పేరు వదులుకుని ఎల్క్స్‌గా మారింది కూడా ఆ ఏడాదే. సీజన్ మధ్యలో జట్టులో కరోనా వ్యాపించి మ్యాచ్ వాయిదా పడింది. చివర్లో వారం రోజుల్లోనే మూడు మ్యాచ్‌లు ఆడాల్సి వచ్చింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. సీజన్ ముగియగానే నవంబరు 22న ప్రెసిడెంట్ క్రిస్ ప్రెసన్, జనరల్ మేనేజర్ బ్రాక్ సండర్‌ల్యాండ్, హెడ్ కోచ్ ఎలిజాండో ముగ్గుర్నీ ఒకేరోజు ఇంటికి పంపారు.

తర్వాత వచ్చినవాడు క్రిస్ జోన్స్. 2015లో ఎడ్మంటన్‌కు గ్రే కప్ తెచ్చిన కోచ్. కప్ గెలిచిన కొద్ది రోజులకే ప్రత్యర్థి సస్కాచెవాన్‌కు వెళ్లిపోయిన కోచ్ కూడా ఆయనే. ఆ వెళ్లిపోవడాన్ని మర్చిపోనివాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. 2021 డిసెంబరులో ఆయన తిరిగొచ్చినప్పుడు హెడ్ కోచ్, జనరల్ మేనేజర్ పదవులు రెండూ ఇచ్చారు. డిఫెన్స్ ఎత్తుగడలూ ఆయనవే. ఒప్పందం నాలుగేళ్లు.

ఒకే మనిషి చేతిలో ఇన్ని ఉంటే ఏమవుతుందో తర్వాతి రెండున్నరేళ్లు చూపించాయి. మామూలుగా కోచ్ ‘ఈ ఆటగాడు పనికిరాడు’ అంటే మేనేజర్ ‘ఇంకో నెల ఓపిక పట్టు’ అంటాడు. మేనేజర్ తప్పు మనిషిని కొంటే కోచ్ ఆ సంగతి మొహం మీదే చెబుతాడు. ఇద్దరి మధ్య ఆ గొడవ జట్టుకు అవసరం. ఎడ్మంటన్‌లో ఆ గొడవ పడటానికి రెండో మనిషే లేడు. జట్టు జాబితా వారం వారం మారుతూ వచ్చింది. నిన్న వచ్చినవాడు రేపు ఉంటాడో లేదో తెలియని చోట ఎదురుగా ఉన్న ఆటగాడి కదలికను బట్టి సర్దుకునే అలవాటు ఎవరికీ రాదు. రెండో విడతలో జోన్స్ లెక్క 8 గెలుపులు, 33 ఓటములు. 2024లో మొదటి అయిదు మ్యాచ్‌లూ ఓడాక జులైలో ఆయన్ని తీసేశారు.

మిగిలిన సీజన్‌కు జరియస్ జాక్సన్ తాత్కాలిక కోచ్. 2025కు కాల్గరీ నుంచి మార్క్ కిలమ్ వచ్చాడు. మేనేజర్‌గా, 2015 కప్ జట్టును కూర్చిన ఎడ్ హెర్వీ తిరిగొచ్చాడు. లెక్క చూస్తే 2019 నుంచి 2025 వరకు ఏడు సీజన్లలో హెడ్ కోచ్ కుర్చీలో ఆరుగురు. అందులో ఒకరు ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు.

తీసేయడానికి ఎందుకంత ఆలస్యం?

2022 సీజన్ చివర్లోనే ‘జోన్స్‌ను సాగనంపండి’ అన్న గొంతులు వినిపించాయి. 2023లో తొమ్మిది మ్యాచ్‌లు వరసగా ఓడినప్పుడు అవి అరుపులయ్యాయి. అయినా వేటు పడింది ప్రెసిడెంట్ విక్టర్ కూయీ మీద. 2023 ఆగస్టులో ఆయన పదవి వదిలాడు, జోన్స్ మిగిలాడు. జట్టును నడిపే బోర్డుకు అభిమానుల మాట పట్టదని చాలామంది అనుకున్నారు. దీని వెనక ఒక నిబంధన కూడా ఉంది.

ఆటగాళ్ల జీతాలకు పరిమితి ఉండటం మనకు ఐపీఎల్ వల్ల బాగా తెలిసిన సంగతే. సీఎఫ్ఎల్‌లో ఆ పరిమితి 2023, 2024 ప్రాంతంలో సుమారు 55 లక్షల కెనడియన్ డాలర్లు. కానీ 2019 నుంచి ఈ లీగ్‌లో కోచ్‌లు, మేనేజర్లు, స్కౌట్ల (కొత్త ఆటగాళ్లను వెతికేవాళ్ల) జీతాలకు కూడా విడిగా పరిమితి పెట్టారు. అది మొదలైనప్పుడు సుమారు 26 లక్షల డాలర్లు. కోచ్‌ల సంఖ్యకు, మొత్తం సిబ్బంది సంఖ్యకు కూడా గీత గీశారు. డబ్బున్న జట్లు పదుల సంఖ్యలో సహాయక కోచ్‌లను పెట్టుకుని చిన్న ఊళ్ల జట్లను తొక్కేయకూడదన్నది ఉద్దేశం.

చిక్కు ఎక్కడంటే, ఒప్పందం మిగిలి ఉండగా తీసేసిన కోచ్‌కు ఇవ్వాల్సిన జీతం కూడా ఈ పరిమితిలోకే వస్తుంది. అంటే పాత కోచ్ ఇంట్లో కూర్చుని తీసుకునే డబ్బు మేరకు కొత్త కోచ్‌కు, అతని సహాయకులకు ఇచ్చే డబ్బు తగ్గిపోతుంది. 2021 నవంబరులో ఒకేరోజు అందర్నీ తీసేసిన జట్టుకు తర్వాతి ఏడాది సిబ్బంది ఖర్చులో చోటు కరువవుతుంది. అలాంటప్పుడు మూడు పదవులు ఒక్కరికే ఇవ్వడం కాగితం మీద చవగ్గా కనిపిస్తుంది. నాలుగేళ్ల ఒప్పందం చేతిలో ఉన్న ఆ ఒక్కరిని మధ్యలో తీసేయాలంటే మళ్లీ అదే చిక్కు, ఈసారి ఇంకా పెద్దది. తీసేస్తే ఒక నష్టం, ఉంచితే ఇంకో నష్టం. రెండో నష్టం స్కోర్‌బోర్డు మీద కనిపిస్తుంది, మొదటిది కనిపించదు. అభిమాని చూసేది స్కోర్‌బోర్డునే.

ఈ నిబంధన బోర్డు తప్పును కప్పిపుచ్చదు. తీసేయడం ఇంత ఖరీదని తెలిసి కూడా నాలుగేళ్ల ఒప్పందం రాసిచ్చింది ఆ బోర్డే.

ట్రే ఫోర్డ్ గొడవ

ఎడ్మంటన్ అభిమానుల అసహనం మొత్తాన్ని ఒక్క పేరులో చెప్పమంటే చాలామంది చెప్పేది ట్రే ఫోర్డ్. ఆంటారియోలోని నయాగరా ఫాల్స్ కుర్రాడు, వాటర్లూ యూనివర్సిటీ ఆటగాడు. 2021లో కెనడా యూనివర్సిటీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హెక్ క్రైటన్ ట్రోఫీ గెలిచాడు. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2022లో ఎనిమిదో ఆటగాడిగా ఎడ్మంటన్ అతన్ని తీసుకుంది. మెరుపు వేగం.

కెనడా లీగ్‌లో కెనడియన్ క్వార్టర్‌బ్యాక్ అరుదు. లీగ్ నిబంధన ప్రకారం జట్టులో నిర్ణీత సంఖ్యలో కెనడియన్లు ఉండి తీరాలి. అయినా క్వార్టర్‌బ్యాక్ స్థానం మాత్రం దశాబ్దాలుగా అమెరికా కాలేజీల నుంచి వచ్చినవాళ్లదే. అందుకే సొంత దేశం కుర్రాడు ఆ స్థానంలోకి వస్తే అభిమానులు నెత్తిన పెట్టుకుంటారు. పక్క రాష్ట్రంలో బీసీ లయన్స్ 2022లో ఇంకో కెనడియన్ నేథన్ రౌర్క్‌కు పగ్గాలిచ్చింది. ఆ సీజన్ మొదటి మ్యాచ్‌లోనే రౌర్క్ జట్టు ఎడ్మంటన్‌ను 59–15తో చిత్తు చేసింది. అంతకంటే పుండు మీద కారం ఉండదు.

ఫోర్డ్ 2022 జులై 1న హామిల్టన్ మీద మొదటిసారి మ్యాచ్ ప్రారంభించి గెలిపించాడు. తర్వాతి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. 2023లో జోన్స్ మళ్లీ టేలర్ కార్నీలియస్‌నే నమ్ముకున్నాడు. జట్టు వరసగా ఎనిమిది ఓడాక, ఆగస్టు 10న విన్నిపెగ్‌తో మ్యాచ్‌కు ఫోర్డ్‌ను దించాడు.

ఆ మ్యాచ్ ఒక్కటి చూస్తే ఈ జట్టు రోగం చాలావరకు తెలిసిపోతుంది. లీగ్‌లో బలమైన జట్లలో ఒకటైన విన్నిపెగ్ మీద ఎడ్మంటన్ 22–0 ఆధిక్యంలోకి వెళ్లింది. స్టేడియం ఊగిపోయింది. తర్వాత విన్నిపెగ్ మెల్లగా కోలుకుని 38–29తో గెలిచింది. సొంత మైదానంలో 22వ ఓటమి. అంటే దాడిలో అంతవరకు లేని ప్రాణం ఒక్క మార్పుతో వచ్చింది, కానీ ఆధిక్యాన్ని కాపాడుకునే సత్తా ఒక్క మార్పుతో రాలేదు. వారం తర్వాత హామిల్టన్‌లో 24–10తో, ఆ తర్వాత సొంతింట ఒట్టావా మీద 30–20తో గెలిచారు. ‘ఈ పని జూన్‌లో ఎందుకు చేయలేదు?’ అన్న అభిమానుల ప్రశ్నకు జోన్స్ దగ్గర సరైన జవాబు లేదు. 2024లో ఆయన మళ్లీ అనుభవజ్ఞుడైన మెక్‌లియాడ్ బెథెల్-థాంప్సన్‌ను తెచ్చి ఫోర్డ్‌ను బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆ విషయంలో అభిమానులదే పైచేయి.

కానీ తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. 2025లో కొత్త యాజమాన్యం, కొత్త కోచ్ ఫోర్డ్‌ను ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా నిలబెట్టారు. అభిమానులు మూడేళ్లుగా అడిగింది అదే. సీజన్ సగం కాకముందే ఆ స్థానం కోడీ ఫజార్డో చేతికి వెళ్లింది. అతను ఎవరో కాదు, మాంట్రియల్‌లో మాస్ కోచింగ్‌లో 2023 గ్రే కప్ గెలిచిన క్వార్టర్‌బ్యాక్. ఫోర్డ్‌ను మొదట్లోనే ఆడించకపోవడం తప్పే. అతనొక్కడు వస్తే అన్నీ సర్దుకుంటాయనుకోవడం కూడా తప్పే. మూడేళ్లలో మూడు రకాల ఎత్తుగడల పుస్తకాలు చేతికిచ్చి, ఆడిస్తూ ఆపేస్తూ పోయిన కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఎదుగుదల ఎంతవరకు ఆగిపోయిందో కొలవడానికి సాధనం లేదు.

ఆటగాళ్ల మీద కోపం ఎంతవరకు న్యాయం?

‘వీళ్లకు జెర్సీ మీద ప్రేమ లేదు’ అన్నది ఓడే జట్టు ఆటగాళ్ల గురించి ఎక్కడైనా వినిపించే మాటే. సీఎఫ్ఎల్‌లో ఒప్పందాలు ఎక్కువగా ఒకటి రెండేళ్లవే. ప్రతి ఫిబ్రవరిలో పదుల సంఖ్యలో ఆటగాళ్లు జట్లు మారతారు. గెలిచే జట్టులో ఉన్నవాడు కొంచెం తక్కువకైనా అక్కడే ఉండిపోతాడు. ఓడే జట్టులో ఉన్నవాడు దారి చూసుకుంటాడు. బయటినుంచి మంచి ఆటగాణ్ని తేవాలంటే ఓడే జట్టు మార్కెట్ కంటే ఎక్కువ ఇవ్వాలి. జీతాల పరిమితి ఉంది కాబట్టి ఒకరికి ఎక్కువ ఇస్తే మిగిలిన స్థానాల్లో చవకైన కొత్తవాళ్లు వస్తారు. కొత్తవాళ్లు తప్పులు చేస్తారు, పెనాల్టీలు తెస్తారు, జట్టు మళ్లీ ఓడుతుంది.

ఇందులో ప్రేమ ఉందా లేదా అన్నదానికి పెద్ద పాత్ర లేదు. 2024 జట్టే ఉదాహరణ. మొదటి ఏడు మ్యాచ్‌లూ ఓడింది, వాటిలో పలు ఓటములు స్వల్ప తేడాతోనే. మిగిలిన పదకొండింటిలో ఏడు గెలిచింది. మధ్యలో ఆటగాళ్లకు కొత్తగా ప్రేమ పుట్టుకురాలేదు. కొంత జాక్సన్ తెచ్చిన ప్రశాంతత, కొంత ఇన్నాళ్లూ అటు పడిన నాణెం ఇటు పడటం. చివరి నిమిషపు ఫీల్డ్ గోల్‌తో పోయే మ్యాచ్‌లు ఏడాది పొడవునా ఒకే వైపు పోవు.

ఖాళీ కుర్చీలూ ఓడిస్తాయి

1978 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన కామన్వెల్త్ స్టేడియంలో దాదాపు 56 వేల మంది పడతారు. నిండితే అది ప్రత్యర్థికి నరకం. ఎందుకంటే ఈ ఆటలో సొంత ప్రేక్షకుల అరుపుకు ప్రత్యక్షమైన పని ఉంది. ప్రత్యర్థి దాడి చేస్తున్నప్పుడు హోరెత్తిస్తే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ పిలుపు పక్కనున్న లైన్‌మన్‌కు వినపడదు. ఎవరో ఒకరు ముందే కదులుతారు, పెనాల్టీ పడుతుంది, అయిదు గజాలు వెనక్కి. ఎత్తుగడ మొదలుపెట్టడానికి 2025 దాకా 20 సెకన్ల గడువే ఉన్న లీగ్‌లో ఇది చిన్న లాభం కాదు.

అంత పెద్ద స్టేడియంలో జనం పలచబడితే అరుపు గాలిలో కలిసిపోతుంది. 2023లో పై అంతస్తును మూసేసి జనాన్ని కిందికి దగ్గరగా కూర్చోబెట్టే ఏర్పాటు చేశారు. అది సరైన నిర్ణయమే, కాకపోతే ఊరికి అది ఒక ఒప్పుకోలులా కనిపించింది. కోపంతో టికెట్ కొనని అభిమాని తన నిరసన తెలుపుతున్నాడు. ఆ నిరసన వల్ల జట్టు ఆదాయం తగ్గుతుంది, ఇంటి మ్యాచ్‌లో ఉండే లాభమూ పోతుంది. తప్పు అభిమానిది కాదు, కానీ ఇరవై రెండు ఓటముల్లో ఈ చక్రం పాత్ర కూడా ఉంది.

పక్క జట్లు ఏం చేశాయి?

విన్నిపెగ్‌లో మైక్ ఓషే 2014లో కోచ్‌గా వచ్చాడు. మొదటి ఏడాది 7–11 (అంటే 7 గెలుపులు, 11 ఓటములు), రెండో ఏడాది 5–13. మూడో ఏడాది మొదటి అయిదింటిలో నాలుగు పోయాయి. అక్కడి అభిమానులు ఊరుకుని ఉంటారా? ‘ఓషేను పంపించండి’ అన్నారు. యాజమాన్యం కోచ్‌ను ఉంచి క్వార్టర్‌బ్యాక్‌ను మార్చింది. డ్రూ విల్లీ స్థానంలో మాట్ నికల్స్ వచ్చాడు. వరసగా ఏడు గెలుపులు, సీజన్ ముగిసేసరికి 11–7. అదే ఓషేతో విన్నిపెగ్ 2019లోనూ, 2021లోనూ గ్రే కప్ గెలిచింది.

ఎడ్మంటన్‌కు బద్ధ ప్రత్యర్థి కాల్గరీ 2024లో 5 గెలిచి, 12 ఓడి, ఒకటి టై చేసుకుని అట్టడుగున నిలిచింది. డేవ్ డికెన్సన్ అక్కడ కోచ్, మేనేజర్ రెండూ. అంటే ఎడ్మంటన్‌లో జోన్స్‌కు ఉన్న అధికారమే. ఆయన్ని తీసేయలేదు. బీసీ నుంచి వెర్నాన్ ఆడమ్స్ జూనియర్‌ను తెచ్చి క్వార్టర్‌బ్యాక్‌గా పెట్టారు. 2025లో 11–7. కాబట్టి రెండు పదవులు ఒకరికే ఉండటం దానంతటదే విషం కాదు. డికెన్సన్ ఏళ్ల తరబడి అదే సంస్థలో, అదే పద్ధతిలో పనిచేస్తున్నాడు. జోన్స్ చేతికి వచ్చినప్పుడు ఎడ్మంటన్‌లో పద్ధతి అనేదే మిగల్లేదు.

సస్కాచెవాన్ ఇంకో దారి పట్టింది. 2023 చివర్లో వరసగా ఏడు ఓడి 6–12తో ముగించాక కోచ్ క్రెయిగ్ డికెన్సన్ ఒప్పందాన్ని పొడిగించలేదు. కోరీ మేస్‌ను తెచ్చింది. మేనేజర్ జెరెమీ ఓడేను మాత్రం కదపలేదు, క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ హారిస్‌నూ ఉంచుకుంది. ఈ హారిస్ 2021లో ఎడ్మంటన్ వదిలించుకున్నవాడే. రెండేళ్లు తిరిగేసరికి 2025 గ్రే కప్ సస్కాచెవాన్‌ది.

మూడు జట్లూ ఏదో ఒకటి మార్చాయి. ఏ ఒక్కటీ అన్నీ ఒకేసారి మార్చలేదు. ఎడ్మంటన్‌లో జరిగింది దానికి సరిగ్గా తిరగేసి.

యజమాని మారాక

1949 నుంచి 75 ఏళ్లపాటు ఎడ్మంటన్ జట్టుకు సొంతదారు అంటూ ఒక వ్యక్తి లేడు. స్థానిక సమాజం తరఫున బోర్డు నడిపేది. 2024 ఆగస్టులో ఆల్బెర్టా వ్యాపారవేత్త లారీ థాంప్సన్‌కు జట్టును అమ్మేశారు. ఇప్పుడు ఆ పాత పద్ధతి విన్నిపెగ్, సస్కాచెవాన్‌లలోనే మిగిలింది. ఆ రెండూ ఈ పదేళ్లలో కప్పులు గెలిచినవే, కాబట్టి బోర్డు పాలన వల్లే ఎడ్మంటన్ చెడిందన్న వాదన నిలవదు. అయితే నష్టాలు పెరుగుతున్నప్పుడు బోర్డు చేసే నిర్ణయాల్లో భయం ఎక్కువ ఉంటుంది. సొంత జేబు ఉన్న యజమాని కనీసం ఒక చెడ్డ ఏడాదిని ఓర్చుకోగలడు. కోచ్‌ల జీతాల పరిమితి మాత్రం ఎవరు యజమాని అయినా ఒకటే.

2025లో కిలమ్, హెర్వీ జోడీ తెచ్చింది 7–11. 2024తో పోలిస్తే అంకె కదల్లేదు, అభిమానుల్లో మళ్లీ పాత గొణుగుడు మొదలైంది. ఇక్కడ స్కోర్ల కంటే ముందుగా కదలాల్సిన లెక్కలు మూడున్నాయి. ఒక మ్యాచ్‌లో జట్టు ఎన్నిసార్లు టూ అండ్ అవుట్ అవుతోంది, ముందే కదిలి తెచ్చుకునే పెనాల్టీలు ఎన్ని, ఫిబ్రవరిలో ఒప్పందాల గడువు తీరాక కిందటి సీజన్ చివరి మ్యాచ్ ఆడినవాళ్లలో ఎంతమంది మళ్లీ ఎడ్మంటన్‌తోనే సంతకం చేశారు. మూడోది మిగతా రెండింటినీ లాక్కొస్తుంది. 2021 తర్వాత చాలాకాలం ఎడ్మంటన్‌లో తగ్గుతూ పోయింది అదే.